కొత్తవాడ మగ్గాల ఫొటోలు గ్యాలరీ దాకా వెళ్తాయా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. ఏడాదిగా ప్రతి ఆదివారం వరంగల్ కొత్తవాడకు పోయి జంపఖానాలు నేసేవాళ్ల ఫొటోలు తీస్తోంది. సోషల్ డాక్యుమెంటరీ ఫొటోగ్రఫీయే (జనం నిజ జీవితాన్ని ఉన్నదున్నట్టు తీయడం) చేస్తా, గ్యాలరీల్లో అమ్ముతా అంటోంది. దీంతో బతుకుదెరువు ఉంటుందా?
– ఒక తండ్రి, హన్మకొండ

జవాబు: ఏడాదిగా ఒకే వాడకు పోతోందంటే ఈ పనికి కావాల్సిన ఓపిక మీ అమ్మాయికి ఉంది. కానీ మొదటి కొన్నేళ్లు ప్రింట్ల అమ్మకంతో ఇల్లు గడవదండీ. పెళ్లిళ్లు, పత్రికలు, స్వచ్ఛంద సంస్థల పనులు చేసుకుంటూనే దీన్ని నిలబెట్టుకోవాలి.

ఈ మార్కెట్ తీరు ఒక్క ఫొటోతో అర్థమవుతుంది. అమెరికా ప్రభుత్వం కోసం 1936లో డొరొతియా లాంగ్ తీసిన ‘మైగ్రెంట్ మదర్’ (వలస కూలీ తల్లి) ఫొటోను లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వెబ్‌సైట్ నుంచి ఎవరైనా ఉచితంగా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. దాని పాత ప్రింట్లు మాత్రం వేలంలో లక్షల డాలర్లు పలికాయి. ప్రింట్ ఎవరు వేశారు, ఎప్పుడు వేశారు, ఎవరెవరి చేతులు మారింది అన్నదానికే ఆ ధర.

అందుకే ఇప్పటి నుంచే లెక్క పక్కాగా ఉండాలి. ఒక ఫొటోకు మొత్తం ఐదు ప్రింట్లే వేయాలా, ఏడా అన్నది మొదటి అమ్మకానికి ముందే తేల్చుకోవాలి. తర్వాత గిరాకీ చూసి ఇంకోటి వేస్తే కొన్నవాళ్ల నమ్మకం పోతుంది. ప్రతి ప్రింట్ వెనక పెన్సిల్‌తో నంబర్, తేదీ, సంతకం. అమ్మిన ధరలో సగం దాకా గ్యాలరీకే పోవచ్చు, ధర పెట్టేటప్పుడే అది చూసుకోవాలి.

24 మెగాపిక్సెల్ ఫైల్ 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) దగ్గర సుమారు 20×13 అంగుళాలకు సరిపోతుంది. వాట్సాప్‌లో వచ్చిన కాపీ పనికిరాదు. లాప్‌టాప్ వెలుతురు బాగా పెంచి ఎడిట్ చేస్తే ప్రింట్‌లో ముఖాలు నల్లబడతాయి, చామనఛాయ మనుషుల ఫొటోల్లో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ముందు చిన్న టెస్ట్ ప్రింట్ వేయించి పగటి వెలుతురులో చూడమనండి.

వందల ఫొటోల్లోంచి ఇరవై ఏరడమే అసలు చదువు. 4×6 ప్రింట్లు నేల మీద పరిచి ఒక్కొక్కటే తీసేస్తూ పోవాలి. ముడతలు పడ్డ చేతుల క్లోజప్‌లు అందరూ తీస్తారు, వాటిలో ఒకటి చాలు. మగ్గం గుంటలో కాళ్లు, గోడకు వేలాడే కూలి లెక్కల పుస్తకం లాంటివి ఉంచుకోవాలి. వాటిలో ఆ ఇంటి బతుకు ఉంటుంది.

డబ్బు తీసుకుని ఇంకొకరి కోసం తీసిన ఫొటోలకు, వేరే ఒప్పందం లేకపోతే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పని చేయించుకున్నవారే తొలి హక్కుదారు. సంస్థల పని ఒప్పుకునేటప్పుడే ఈ మాట కాగితం మీద రాయించుకోవాలి.

ఇంటర్ తర్వాత హైదరాబాద్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో ఫొటోగ్రఫీలో నాలుగేళ్ల బీఎఫ్‌ఏ (లలిత కళల డిగ్రీ) ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. మాదాపూర్ స్టేట్ ఆర్ట్ గ్యాలరీలో ఫొటో ప్రదర్శన పెట్టినప్పుడు ఒకసారి తీసుకెళ్లండి. ఫోన్ తెరకూ గోడ మీది ప్రింట్‌కూ తేడా అక్కడే తెలుస్తుంది.

ఇంకొకటి. ‘మైగ్రెంట్ మదర్’లోని తల్లి, ఆ ఫొటో వల్ల తనకు పైసా రాలేదని తర్వాత బాధపడింది. ఫొటోలు ఎక్కడెక్కడ పెడతారో, అమ్ముతారో లేదో నేతన్నలకు తెలుగులో చదివి వినిపించి సంతకం తీసుకోవాలి. ప్రదర్శనకు ముందే ఎవరి ప్రింట్ వాళ్లింటికి చేర్చమనండి. కింద రాసిన పేరో ఊరో తప్పుంటే వాళ్లే చెప్తారు.