చవక 5జీ ఫోన్‌లో ఏ ప్రీపెయిడ్ సిమ్ వేసినా 5జీ వస్తుందా?

రాదు, డబ్బా మీద 5జీ అని ఉన్నంత మాత్రాన మీ సిమ్‌లో 5జీ వచ్చి తీరుతుందని లేదు. 5జీ రెండు రకాలు. జియో మొదటి నుంచీ 4జీతో పనిలేకుండా సొంతంగా నడిచే 5జీ (ఎస్‌ఏ) పెట్టింది. ఎయిర్‌టెల్ 2022లో మొదలుపెట్టినప్పుడు, అప్పటికే ఉన్న 4జీని ఆసరా చేసుకునే పద్ధతి (ఎన్‌ఎస్‌ఏ) ఎంచుకుంది. ఈ రెండోది అందాలంటే ఫోన్ ఒకేసారి 4జీ, 5జీ రెండింటినీ పట్టుకోవాలి. ధర తగ్గించాలనుకున్నప్పుడు కోత పడేది ఇక్కడే.

2024 నవంబరులో రూ.8,499కి వచ్చిన రెడ్‌మీ ఏ4 5జీనే చూడండి. అది ఎస్‌ఏకే పనిచేస్తుంది. జియో సిమ్ వేస్తే 5జీ. ఎయిర్‌టెల్ ఎన్‌ఎస్‌ఏ ఉన్నచోట 4జీతో సరిపెట్టుకోవాల్సిందే. కాల్స్‌కీ యూపీఐకీ అది చాలు లెండి.

చాలామంది తప్పు సిమ్‌దనుకుని కొత్త సిమ్ కోసం షాపుకి పరిగెడతారు. ఈ రెండు కంపెనీల్లోనూ 4జీ సిమ్‌తోనే 5జీ వస్తుంది. చిన్న రీఛార్జిలకు అన్‌లిమిటెడ్ 5జీ ఉండదన్నది నిజమే, కానీ ఫోన్‌లో లేనిది ఎంత పెద్ద ప్లాన్ వేసినా రాదు. కొనేముందు స్పెసిఫికేషన్లలో ఎస్‌ఏ, ఎన్‌ఎస్‌ఏ రెండూ రాసి ఉన్నాయో లేదో చూసుకోండి.