సొంత తమ్ముడి మజ్జ ఎందుకు సరిపోలేదు?

ప్రశ్న: మా పాపకు ఆరేళ్లు. తలసేమియా మేజర్ (ఒంట్లో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని తీవ్రమైన జన్యు జబ్బు) కావడంతో మూడు వారాలకోసారి రక్తం ఎక్కిస్తున్నాం. ఎముక మజ్జ మార్పిడి కోసం మూడేళ్ల బాబుకు హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయిస్తే అసలు సరిపోలేదన్నారు. మాది మేనరికం. ఒకే తల్లిదండ్రుల పిల్లలకు ఇంత తేడా ఎందుకు? ఇంకో బిడ్డను కంటే సరిపోతుందా?
– ఒక సోదరి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఇందులో మీ తప్పేమీ లేదు. మన కణాల్లోని 46 క్రోమోజోమ్‌లు 23 జతలుగా ఉంటాయి. అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు జరిగే క్షయకరణ విభజనలో ఒక్కో జత నుంచి ఒక్కటే ముందుకు వెళ్తుంది. ఏ జతలో ఏది వెళ్లాలన్నది మిగతా జతలతో సంబంధం లేకుండా జరుగుతుంది కాబట్టి, ఒక్క మనిషిలోనే 83,88,608 రకాల కలయికలకు వీలుంది. దంపతులిద్దరివీ కలిపి చూస్తే ఆ సంఖ్య దాదాపు 70 లక్షల కోట్లకు చేరుతుంది.

అంతకన్నా ముందే ఇంకొకటి జరుగుతుంది. జతలోని రెండు క్రోమోజోమ్‌లు పొడవునా దగ్గరకు చేరి, అక్కడక్కడ తెగి, ఆ ముక్కలను ఇచ్చిపుచ్చుకుని మళ్లీ అతుక్కుంటాయి. మీ అండాల్లో ఈ ముక్కల మార్పిడి మీరు మీ అమ్మగారి కడుపులో ఉన్నప్పుడే జరిగిపోయింది. గర్భంతో ఉన్నప్పుడు మీరు ఏం తిన్నా, ఏ మందు వాడినా దాన్ని మార్చగలిగేవారు కాదు.

మజ్జ సరిపోతుందో లేదో తేల్చే హెచ్‌ఎల్‌ఏ జన్యువులు 6వ క్రోమోజోమ్‌పై పక్కపక్కనే ఉండటంతో సాధారణంగా విడిపోకుండా ఒక గుత్తిగా బిడ్డకు వెళ్తాయి. మీలో రెండు గుత్తులు, మీవారిలో రెండు గుత్తులు ఉంటాయి. పాపకు మీ ఇద్దరి నుంచి ఏవి వచ్చాయో, బాబుకు వాటికి బదులు రెండోవి వచ్చాయి. తోబుట్టువుల మధ్య పూర్తిగా సరిపోయే అవకాశం 25 శాతం, సగం సరిపోయే అవకాశం 50 శాతం, అసలు సరిపోకపోయే అవకాశం 25 శాతం.

మూడో బిడ్డ విషయానికి వస్తే, ప్రతి కాన్పులోనూ ఈ లెక్క మళ్లీ మొదటి నుంచే మొదలవుతుంది. తలసేమియాకు కారణమైన బీటా గ్లోబిన్ జన్యువు 11వ క్రోమోజోమ్‌పై ఉంటుంది కనుక, అది హెచ్‌ఎల్‌ఏతో ముడిపడి రాదు. మేజర్ లేకుండా పుట్టే అవకాశం నాలుగింట మూడు వంతులు, మజ్జ సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. రెండూ కలిసి రావడం పదహారింట మూడు వంతులే. దీన్ని నమ్ముకుని బిడ్డను కనమని నేను చెప్పలేను. మీరే మరో బిడ్డ కావాలనుకుంటే మాత్రం 11 నుంచి 13 వారాల మధ్య గర్భస్థ శిశువుకు తలసేమియా పరీక్ష తప్పక చేయించుకోండి.

మేనరికం కాబట్టి ఒకే గుత్తి మీ ఇద్దరిలోనూ ఉండే అవకాశం ఉంది. అలా ఉంటే తల్లిదండ్రుల్లో ఒకరి మజ్జే పాపకు పూర్తిగా సరిపోవచ్చు. అందుకే మీ ఇద్దరికీ, ఆ తర్వాత ఇరువైపుల దగ్గరి బంధువులకూ హెచ్‌ఎల్‌ఏ పరీక్ష చేయించండి. తలసేమియా మైనర్ ఉన్నవారు (లోపమున్న జన్యువు ఒక్కటే ఉండి, జబ్బు లేనివారు) కూడా దాతలుగా పనికొస్తారు. ఎవరిదీ సరిపోకపోతే దాతల రిజిస్ట్రీలో వెతకడం, సగం సరిపోయిన దాతతో మార్పిడి చేయడం గురించి మీ హెమటాలజిస్టుతో (రక్త వ్యాధుల నిపుణులతో) మాట్లాడండి. ఈలోగా రక్తం ఎక్కించే ముందు హిమోగ్లోబిన్ 9 కన్నా తగ్గకుండా చూసుకుంటూ, ఎక్కించిన రక్తం వల్ల ఒంట్లో పేరుకునే ఐరన్‌ను తగ్గించే మందును ఒక్క రోజూ మానకుండా వేయండి. కాలేయంలో ఐరన్ పేరుకోకముందు చేసిన మార్పిడే బాగా ఫలిస్తుంది.