గొంతు బొంగురుపోయినప్పుడు గుసగుసగా మాట్లాడితే రెస్ట్ దొరుకుతుందా?

దొరకదు, చాలామందిలో గుసగుస వల్ల గొంతు మీద ఇంకా ఒత్తిడి పెరుగుతుంది, అసలు మాట్లాడకపోవడమే రెస్ట్, తప్పదంటే మామూలు గొంతుతోనే మెల్లగా నాలుగు ముక్కలు మాట్లాడాలి.

మాట్లాడేటప్పుడు గొంతులో ఉండే స్వరతంతువులు (వోకల్ కార్డ్స్) రెండూ దగ్గరకొచ్చి ఊపిరి గాలికి కంపిస్తాయి, మగవాళ్ళలో సెకనుకి సుమారు 100 సార్లు పైన, ఆడవాళ్ళలో సుమారు 200 సార్లు. జలుబు చేసో, అరిచో అవి వాచాయంటే బరువెక్కి సరిగ్గా కలవవు, సందులోంచి గాలి లీక్ అవుతుంది, బొంగురు అంటే అదే. గుసగుసలో తంతువులు పెద్దగా కంపించవు, నిజమే, కానీ ఎదుటివాళ్ళకి వినపడాలని గాలిని గట్టిగా నెడతాం కదా, దాంతో చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుపోతాయి, గొంతు ఎండిపోతుంది కూడా.

ఉదాహరణకి గొంతు పోయిన టీచర్ రోజంతా గుసగుసగానే పాఠం లాగించేస్తే సాయంత్రానికి గొంతు పట్టేసినట్టు ఉంటుంది, అదే మైక్ పెట్టుకుని మామూలుగా, తక్కువగా చెప్తే అంత శ్రమ ఉండదు.

ఇంకో అపోహ, వేడినీళ్ళు తాగితే నేరుగా తంతువుల మీద పడి పనిచేస్తాయని. అలా పడితే పొలమారుతుంది! నీళ్ళు వెళ్ళేది అన్నవాహికలోకి, ఒంట్లో తడి పెరిగాకే తంతువులకి ఉపయోగం, అందుకే రోజంతా కొంచెం కొంచెం తాగాలి.

3-4 వారాలైనా బొంగురు తగ్గకపోతే మాత్రం ఈఎన్‌టీ డాక్టర్ కెమెరాతో చూడాల్సిందే, వాపో, కాయో, నరం బలహీనతో, క్యాన్సరో గొంతు విని చెప్పలేం, సిగరెట్ అలవాటున్నవాళ్ళు అన్నాళ్ళు కూడా ఆగొద్దు.