ముందు నీ మాట నిలబడాలి

చిరంజీవి అమ్మాయికి, తిరుపతి నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

చిత్తూరులో అంగన్‌వాడీ టీచరుగా చేరి పట్టుమని నెల కాలేదు, పిల్లలు మాట వినడం లేదని అప్పుడే బెంగపడుతున్నావు. మూడేళ్లవాడు పక్కవాడి బొమ్మ లాక్కుంటే అది పొగరు కాదమ్మా. తొందరను, కోపాన్ని ఆపుకోవడానికి పనికివచ్చే మెదడు ముందుభాగం 20 ఏళ్లు దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుంది. ఈ వయసులో వాడికి నీ నిదానమే ఆసరా. ఏడుస్తున్నప్పుడు నీతులు చెప్పకు. పక్కన కూర్చుని, గొంతు తగ్గించి, "బొమ్మ ఇవ్వలేదని కోపం వచ్చిందా నాన్నా?" అని అడుగు. తక్కిన మాటలన్నీ ఏడుపు ఆగాకే.

అన్నిటికంటే ముఖ్యం నీ మాట నిలబడడం. అమెరికాలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయంవారి పరిశోధన ఒకటి 2013లో అచ్చయింది. మంచి రంగులు తెస్తామని చెప్పి తెచ్చినవారి దగ్గర పిల్లలు, ఆగితే ఇంకో మిఠాయి ఇస్తామంటే, ఎదుట ఉన్నదాన్ని ముట్టకుండా సగటున 12 నిమిషాలు ఆగారు. చెప్పి తేనివారి దగ్గర 3 నిమిషాలే. నమ్మకం లేనిచోట పిల్లవాడు ఎందుకు ఆగాలి? అందుకే "మీ అమ్మ ఇప్పుడే వస్తుంది" అని ఆయాను కూడా అననివ్వకు. అన్నం తిని, పడుకుని లేచాక వస్తుందని చెప్పు. గడియారం చూడడం రాని పిల్లలకు రోజువారీ పనుల వరసే గడియారం. దాన్ని చీటికిమాటికి మార్చకు.

చేతులు కడుక్కోవడానికి అందరినీ ఒకేసారి వరసలో నిలబెట్టకు, తోపులాట తప్పదు. ఇద్దరిద్దరిని పంపి, మిగిలినవాళ్లతో కాళ్లాగజ్జె ఆడించు. పాట తన కాలి దగ్గర ఆగేదాకా కాలు ముడవకూడదు కదా, ఓపిక పట్టడం అందులోనే అలవాటవుతుంది.

ఇక్కడ గంగమ్మ జాతర వేషాలు చూసి జడుసుకున్న పిల్లలు కేంద్రానికి వచ్చి ఊరికే కొట్టుకునేవారు. చిన్నపిల్లల్లో భయం చాలాసార్లు కోపంగానే బయటపడుతుంది. ఆ వారమంతా నేను అక్షరాలు పక్కన పెట్టి వాళ్లకే వేషాలు కట్టేదాన్ని. బండ వేషానికి కుంకుమ, దొర వేషానికి గంధం. ఎప్పుడూ పరుగులు తీసేవాడు కూడా గంధం పూయగానే దొరలా నిదానంగా నడిచేవాడు. ఎవరూ ఆపకుండానే తనను తాను ఆపుకునేవాడు. ఇలాంటి ఆటలను కాలక్షేపమని ఎవరైనా తీసిపారేస్తే ఒప్పుకోకు.

నీకే కోపం ముంచుకొస్తే ఆయాను పిల్లల దగ్గర ఉంచి, బయటికి వెళ్లి మంచినీళ్లు తాగిరా.

ప్రేమతో,
పెద్దమ్మ