డాక్టరు చేత జోస్యం చెప్పించకు

చిరంజీవికి,

నీ కథ చదివాను. అత్తగారి మాటల్లో మన కావలి యాస బాగా పలికింది. మూడో పేజీకొచ్చేసరికి మాత్రం ఒళ్ళు మండింది. ఒంగోలు ఆసుపత్రిలో డాక్టరు, హెచ్ఐవీ సోకిన లారీ డ్రైవరు భార్య రిపోర్టు చూసి, "సీడీ4 కౌంటు 180. ఇక ఆరు నెలలే" అంటాడు. ఆమె సరిగ్గా ఆరో నెలలో పోతుంది. అదీ 2022లో!

ఎవరమ్మా ఆ డాక్టరు? సీడీ4 కౌంటు అంటే హెచ్ఐవీ దెబ్బతీసే రక్షణ కణాలు రక్తంలో ఎన్ని మిగిలాయో చెప్పే లెక్క. అది 200 కన్నా తగ్గితే జబ్బు ముదిరిందని, న్యుమోనియా లాంటివి మీదపడే ముప్పు పెరిగిందని అర్థం. అంతేగానీ అది చావు ముహూర్తం కాదు. పైగా ఒక్క కౌంటును నమ్ముకుని ఏదీ తేల్చరు. జ్వరమొచ్చినా అది మారుతుంది. రెండు మూడు రిపోర్టులు పక్కన పెట్టుకుని దిగుతోందా, ఎక్కుతోందా అని చూస్తారు.

వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే పరీక్ష, దాని ఊసే ఎత్తలేదు నువ్వు. చెరువులో నీళ్ళెంత మిగిలాయో సీడీ4 చెబుతుంది, తూములోంచి ఎంత జోరుగా పోతున్నాయో వైరల్ లోడ్ చెబుతుంది. మందులు వాడనివాళ్ళలో జబ్బు ఎవరికి త్వరగా ముదురుతుందో దీంతో ముందే పసిగట్టొచ్చని 1996లో అమెరికాలో జాన్ మెల్లర్స్ బృందం చూపించింది. మందులు వాడితే ఆ లెక్కే మారిపోతుంది. మన దేశంలో 2004 నుంచి మందులు ఉచితం. 2017 నుంచి కౌంటు ఎంతున్నా, పాజిటివ్ అని తేలితే మొదలుపెడుతున్నారు. మానకుండా వేసుకుంటే చాలామందిలో వైరస్ పరీక్షకు అందనంతగా తగ్గుతుంది. కౌంటు మెల్లగా కోలుకుంటుంది.

కందుకూరులో ల్యాబులో పనిచేస్తూ రాత్రిళ్ళు కథలు రాసుకునే రోజుల్లో, మందులు వాడుతూనే కూతురి పెళ్ళి చేసిన తల్లి కథ ఒక వారపత్రికకు పంపాను. "ఆమె చనిపోతే కథకు బలం వస్తుంది" అని సంపాదకుడు జాబు రాశాడు. నేను చంపలేదు, ఆయన వేయలేదు. ఇప్పటి పోటీ కథల్లోనూ అదే వరస, రోగం వచ్చిందంటే పాడె కట్టాల్సిందే.

నీ కథలో ఆమెను బతకనీ. మందులు మొదలెట్టిన ఆరు నెలలకు వైరల్ లోడ్ చేస్తారు. అది 1000 దాటి, అంటే వైరస్ అదుపులోకి రాలేదని వచ్చిందనుకో, కౌన్సెలర్ ముందుగా అడిగేది మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నావా అనే. బియ్యం డబ్బాలో దాచిన మాత్రలు అత్త కంటపడ్డాయని, అప్పట్నుంచి వేసుకోలేదని ఆమె చెబుతుందా? పక్క కుర్చీలో ఆ అత్తే కూర్చుని ఉంటే? అక్కణ్ణుంచి రాయి.

తిరగరాశాక కాగితం మీద పంపు. వాట్సాప్‌లో చదవాలంటే నాకు కళ్ళు ఆనడం లేదు.