కలల పుస్తకం పెట్టుకోవాలనుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి బుజ్జికి మీ అత్తయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నిన్న మీ నాన్న ఫోన్ చేశాడు. మీ అమ్మ నీకు తరచుగా కలలోకి వస్తున్నదనీ, తెల్లవారేసరికి ఆ కల చెదిరిపోతున్నదని నీవు బాధపడుతున్నావనీ, అందుకని హాస్టల్లో మంచం పక్కన ఒక పుస్తకం పెట్టుకుని కలలన్నీ రాసుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నావనీ చెప్పి, వద్దని నాచేత చెప్పించాలని చూశాడు. నేను వద్దనను. అంత దుఃఖంలోనూ కాగితం, కలం తీసుకోవాలని నీకు తోచినందుకు గర్వంగానే ఉంది. అయినా రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు, ఎందుకంటే మన ఇంట్లో ఇదివరకే ఒక కలల పుస్తకం ఉండేది.

ముందు మామూలు సంగతులు చెప్పి పక్కన పెడతాను. ఫోన్‌లో రాయవద్దు, కల కంటే ముందు ఎవరెవరి మెసేజులో కనిపిస్తాయి. మెలకువ రాగానే లేవకుండా, పక్కకు కూడా ఒత్తిగిల్లకుండా, కళ్ళు మూసుకునే ఉండి ఆఖరి దృశ్యం నుంచి వెనక్కి గుర్తుచేసుకో. తేదీ వెయ్యి. అక్షరాలు కుదురుగా రాయి. ఈ చివరి మాట టీచర్ల చాదస్తమని నవ్వుకుంటావని తెలుసు, కానీ 1920 ప్రాంతంలో ఆస్ట్రియాలోని గ్రాజ్ నగరంలో ఓటో లోవీ అనే శాస్త్రవేత్త ఒక గొప్ప ప్రయోగాన్ని కలలో చూసి నిద్రమత్తులో చీటీ మీద గీకి పెట్టుకుంటే, పొద్దున్నే ఆ రాత ఆయనకే అర్థం కాలేదు. మర్నాటి రాత్రి మళ్ళీ అదే ఆలోచన వచ్చింది కాబట్టి సరిపోయింది. ఈసారి కాగితాన్ని నమ్ముకోకుండా నేరుగా ప్రయోగశాలకు వెళ్ళి, కప్ప గుండెలతో నాడీ సంకేతం రసాయనం ద్వారా అందుతుందని నిరూపించాడు. దానికే 1936లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. అందరికీ కల రెండోసారి రాదు.

నా అసలు భయం నీ నిద్ర గురించి. కలను పట్టుకోవడానికి అర్ధరాత్రి అలారం పెట్టుకునేవాళ్ళున్నారు. నీవు ఆ పని చేశావంటే నేనే బయలుదేరి వచ్చి ఆ గడియారాన్ని తీసుకుపోతాను. అవసరం కూడా లేదు. 1953లో షికాగో విశ్వవిద్యాలయంలో అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ అనే ఇద్దరు, నిద్రపోతున్నవారి కనుగుడ్లు వేగంగా కదిలే ఒక దశ ఉంటుందనీ, ఆ దశలో లేపితే చాలామంది కల చెప్పగలుగుతారనీ గమనించారు. సుమారు తొంభై నిమిషాలకొకసారి వచ్చే ఆ దశ తెల్లవారుతున్నకొద్దీ ఎక్కువసేపు ఉంటుంది. వేకువ కల నిజమవుతుందని మన పెద్దవాళ్ళు అనడానికి కారణం ఇదేనేమోనని నాకు అనిపిస్తుంది: గుర్తుండేది ఆ కలే కదా. కాబట్టి వేళకు పడుకుని, నిండా నిద్రపోయి, దానంతటదే మెలకువ వచ్చినప్పుడు రాసుకుంటే చాలు.

ఇక ఆ పాత పుస్తకం. మీ నానమ్మ పోయిన తరువాత మా నాన్నగారు ఒక పొడుగాటి లెక్కల పుస్తకంలో తన కలలు రాయడం మొదలుపెట్టారు. పక్కనే పంచాంగం ఉండేది. అందులోని స్వప్న ఫలాల పుటలు చూసి, కలకు ఏ ఫలం చెప్పి ఉంటే ఆ ఫలాన్ని మాత్రం తేదీ పక్కన రాసుకునేవారు. ధనలాభం, బంధువియోగం, శుభం, అశుభం. నేను వాదించబోతే రామాయణంలో సీతకు కాపలా ఉన్న త్రిజట కల నిజం కాలేదా అనేవారు. ఒక తెల్లవారుజామున ఆయన ఏమి కలగన్నారో గానీ, 'ప్రయాణం కూడదు' అని రాసి, ఆ రోజు విజయవాడలో ఉద్యోగపు ఇంటర్వ్యూకు బయలుదేరిన మీ నాన్నను గుమ్మంలోనే ఆపేశారు. మీ నాన్న చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. ఆ సంగతి ఆయన ముందు ఎన్నడూ ఎత్తలేదు. నీకు వద్దని చెప్పమని నన్ను అడగడంలో ఆ పొద్దు కూడా ఉందని తెలుసుకుని, వాడి మీద కోపం తెచ్చుకోకు.

అయితే ఉద్యోగం తరువాత ఇంకొకటి వచ్చింది. పోయింది వేరే. నాన్నగారు కాలం చేశాక నేనూ మీ నాన్నా కూర్చుని ఆ పుస్తకం తిరగేస్తే, 'ఆవిడ కనిపించింది, శుభం' అనే మాట పుటపుటకూ ఉంది. మా అమ్మ ఏ చీరలో వచ్చిందో, వంటింట్లో ఉందో పెరట్లో ఉందో, ఏమన్నదో, అసలు మాట్లాడిందో లేదో ఒక్క ముక్క లేదు. ఆయన చూసినదంతా ఆయనతోనే పోయి, పంచాంగంలో ఎప్పుడూ దొరికే నాలుగు మాటలు మాకు మిగిలాయి. త్రిజట సైతం తెల్లని ఏనుగు నుంచి రావణుడి నూనె ఒంటి వరకు తాను చూసినదంతా చెప్పింది కదా, అర్థం ఒక్కటే చెప్పి ఊరుకోలేదు! బడిలో నేను పిల్లలచేత సైన్సు రికార్డులో పరిశీలనను, నిర్ధారణను విడివిడిగా రాయించేదాన్ని. నీవు ఆ రెండో శీర్షికను ఖాళీగా వదిలెయ్యి. అమ్మ కోపంగా కనిపిస్తే కోపంగా కనిపించిందని రాయి, నీ మీద కోపమని రాయకు. గుర్తులేని చోట గుర్తులేదని రాయి. అతుకు వేశావంటే కొన్నాళ్ళకు ఏది కలో ఏది అతుకో నీకే తెలియదు.

మరొకటి కూడా ఆలోచించి నిర్ణయించుకో. కలలు రాసే అలవాటు పడితే అవి ఎక్కువగా గుర్తుండడం మొదలవుతుంది, మంచివే కాదు, ఆసుపత్రి కలలు కూడా. అటువంటిది పదేపదే వస్తుంటే రాత్రి పూట దాన్ని వివరంగా రాస్తూ కూర్చోకు. పీడకలలకు ఇమేజరీ రిహార్సల్ అనే చికిత్స ఉంది: పగటిపూట ఆ కలను తమకు నచ్చినట్టు మార్చి రాసుకుని, మార్చిన కలనే రోజూ కాసేపు మనసులో చూసుకోమంటారు. దాన్ని సైకాలజిస్టు దగ్గర నేర్చుకోవాలి. వెళ్ళడానికి మొహమాటపడకు, నేను తోడు వస్తాను. పడుకోవాలంటేనే భయం వేస్తే, లేదా కల కోసమే పగలు కూడా పడుకోవాలనిపిస్తే, ఆ రోజే పుస్తకం మూసెయ్యి. పరీక్షలయ్యే వరకు ఎలాగూ మొదలుపెట్టవద్దు.

పుస్తకం ఎవరికీ చూపించనక్కరలేదు, నాకు కూడా. ఆదివారం ఫోన్ చేసినప్పుడు కలల గురించి నేను అడగను, ఎన్ని గంటలకు పడుకుంటున్నావో మాత్రం తప్పకుండా అడుగుతాను. అబద్ధం చెబితే నీ గొంతులోనే తెలిసిపోతుంది.

ఇట్లు,
మీ అత్తయ్య