లారీ టర్బో జీపుకెందుకబ్బాయ్!

ప్రశ్న: బాబాయ్ గారూ, నా దగ్గర 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజనున్న పాత మహీంద్రా ఎంఎం 540 జీపు ఉంది. ఆదివారాలు కృష్ణ ఇసుకలోకి, కొండవీడు వైపు గుట్టల్లోకి తీసుకెళ్తుంటాం. 28 అంగుళాల టైర్లు తీసేసి 31 వేయించాక బండి అస్సలు లాగడం లేదు. టర్బో పెట్టిద్దామంటే ఒకాయన 5.7 లీటర్ల లారీ ఇంజనుది పెట్టమంటాడు, ఇంకొకాయన కొత్త బండ్లలో వచ్చే వీజీటీ రకం టర్బో పెట్టమంటాడు. ఏది పెట్టించమంటారు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అబ్బాయ్, అసలు దొంగ నీ ఉత్తరంలో టైర్ల దగ్గరే దొరికాడు. 28కి బదులు 31 వేస్తే నేల మీద లాగే బలంలో దాదాపు పదో వంతు పోతుంది. ఇంజను అదే, గేర్లు అవే, చక్రం మాత్రం పెద్దదైంది మరి. క్రౌన్ పినియన్, అంటే ఇరుసు మధ్య డిఫరెన్షియల్‌లో ఉండే గేర్ల జత, మార్పించుకుంటే పోయింది తిరిగొస్తుంది. ముందూ వెనకా రెండూ మార్చాలి సుమా! ఒక్కటే మారిస్తే ఫోర్ వీల్ వేసిన రోజున ముందు వెనక చక్రాలకు బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు ఏడుస్తుంది.

ఇంత చెప్పినా టర్బో కావాలనే అంటావు, తెలుసు. ఆ వయసు నాకూ వచ్చి వెళ్ళింది.

టర్బో అంటే ఇంజను వదిలే పొగ జోరుకి తిరుగుతూ, ఇంజనులోకి గాలిని అదనంగా తోసేది. లారీ టర్బో సంగతి ముందు తేల్చేద్దాం. నీది ఫోర్ స్ట్రోకు ఇంజను. 1500 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి మహా అయితే 1580 లీటర్ల గాలి పీలుస్తుంది. గుట్టలెక్కేటప్పుడు నువ్వుండేది అక్కడే. ఆ పొగకి లారీ టర్బో బద్ధకంగా తిరుగుతుందే గానీ ప్రెషర్ కట్టదు. నువ్వు విసిగిపోయి కాలు తొక్కుతావు, అప్పుడు ఒక్కసారిగా లేస్తుంది. నల్లరేగడి తడిసి ఉన్నప్పుడు అలా లేచిందా, చక్రం ఉన్నచోటే గిర్రున తిరిగి తన గొయ్యి తనే తవ్వుకుంటుంది. ఇక ట్రాక్టర్ కోసం ఫోన్ చేసుకోవడమే.

వీజీటీ మంచి సరుకే. పొగ దారిలో చిన్న రెక్కలు దగ్గరకొచ్చి, తక్కువ ఆర్‌పీఎంలోనే టర్బో లోపలి చక్రాన్ని జోరుగా తిప్పుతాయి. కానీ వాటిని ఎప్పుడెంత తెరవాలో చెప్పే కంప్యూటర్ నీ జీపులో ఏదీ? పైగా పాత ఇంజను మసికి ఆ రెక్కలు పట్టేస్తే విప్పి కడగడం నీ పనే.

నీకు సరిపోయేది రెండు లీటర్ల డీజిల్ బండి నుంచి తీసిన చిన్న టర్బో, వేస్ట్‌గేటు (ప్రెషర్ ఎక్కువైతే పొగను పక్కదారి పట్టించే తలుపు) ఉన్నది. పై స్పీడులో ఊపిరి బిగబడుతుంది, నిజమే. కొండవీడు గుట్టల్లో ఎవడు వంద కొడతాడు? నీ ఇంజను డీజిల్‌ని పక్క గదిలోకి కొట్టే రకం, కంప్రెషన్ ముందే ఎక్కువ. అందుకని అర బార్, అంటే 7 పీఎస్ఐ దాటనివ్వకు. దాటితే హెడ్ గ్యాస్కెట్‌కి నీళ్ళొదులుకోవాలి.

గాలి ఒక్కటే పెంచితే బలం రాదు, దానికి తగ్గ డీజిల్ కూడా పడాలి. పంపు స్క్రూ తిప్పేముందు పాత చోటు గుర్తుండేలా పెయింటు చుక్క పెట్టించు. డీజిల్ ఎక్కువైతే వేడి పెరుగుతుంది. టర్బోకి ముందు, మేనిఫోల్డులో, వేడి మీటరు పెట్టించి 700 డిగ్రీలు చూపగానే కాలు తీసెయ్. నల్లపొగ కొడితే వెనకున్న కుర్రాళ్ళు ఈల వేస్తారు గానీ పిస్టన్లు మార్పించరు.

మా ఆటోనగర్‌లో సెకండ్‌హ్యాండ్ టర్బో కొనేటప్పుడు ఇరుసు కొసను రెండు వేళ్ళతో పట్టుకుని కదిపి చూడు. పక్కలకు కాస్త ఆడటం మామూలే, ఆయిల్ వచ్చాక ఆ సందు నిండుతుంది. ముందుకూ వెనక్కూ కదిలినట్టు వేళ్ళకు తెలిసిందా, కింద పెట్టేసి టీ తాగి వచ్చెయ్. రెక్కల అంచులు గోడకు రాసుకుని మెరుస్తున్నా అంతే.

నేను చేసిన తప్పు ఒకటి చెప్తాను. మొదట్లో ఒక జీపుకి టర్బో బిగించి, ఆయిల్ తిరిగి కిందికి దిగే గొట్టాన్ని చోటు లేదని పైకి ఒంపు తిప్పి వేశాను. ఆ ఆయిల్‌ని తోసేవాడు ఎవడూ ఉండడు, తన బరువుతో తానే దిగాలి. మంగళగిరి దాటేసరికి సైలెన్సర్ నుంచి నీలం పొగ, వెనకొచ్చే బస్సు డ్రైవర్ తిట్లు. టర్బో పాడైందనుకుని ఇంకోటి కొన్నాను. అదీ అదే పొగ! గొట్టం లావుది వేసి, నిటారుగా దింపాక తగ్గింది. ఒక టర్బో డబ్బులు అలా పోయాయి.

ఇసుకలో బాగా లాగించాక ఇంజను వెంటనే ఆపకు, ఒకటి రెండు నిమిషాలు ఐడిల్‌లో ఉంచు. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే ఇరుసుకి ఆయిల్ ఆగితే అక్కడే మాడి గసి కడుతుంది.

పని మొదలుపెట్టేముందు ఆర్‌సీ పట్టుకుని ఆర్‌టీఓ ఆఫీసుకి వెళ్ళిరా. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఇలాంటి మార్పుల గురించే. ఇన్సూరెన్స్ వాళ్ళకీ ఒక కాగితం రాసివ్వు.

ఈలోపు డిఫరెన్షియల్ మూత విప్పి, క్రౌన్ పళ్ళెన్నో, పినియన్ పళ్ళెన్నో లెక్కపెట్టి నాకు రాయి. ఏది వేయాలో చెప్తాను.